వ్యాపార స్థలంలో లైట్ల కరెంటు ఖర్చు తగ్గించుకోవడం: లెక్కపెట్టడం నుంచి బిగించడం దాకా

లైట్ల ఖర్చు తగ్గించాలి అనుకోగానే చాలామంది మొదట ఎల్‌ఈడీల ధరలు కనుక్కుంటారు. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. ఏ లైటు ఎక్కడ ఉంది, ఎన్ని వాట్లు లాగుతోంది, ఏడాదికి ఎన్ని గంటలు వెలుగుతోంది అనేవి తెలియకుండా కొనడానికి దిగితే ఎప్పుడో ఒకసారి తలుపు తీసే స్టోరు గదికి ఖరీదైన లైటు పడుతుంది, రాత్రీ పగలూ వెలిగే మెట్ల దగ్గర పాత ట్యూబు అలాగే మిగిలిపోతుంది. నాకు ఈ తప్పు చాలాచోట్ల కనబడింది.

ఇక్కడ లెక్కలన్నీ యూనిట్లలోనే చేస్తాను. వెయ్యి వాట్ల లోడు ఒక గంట నడిస్తే ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్ గంట. మీ బిల్లు మీదున్న రేటుతో గుణించుకుంటే మీ డబ్బు ఎంతో తేలిపోతుంది.

మొదటి అడుగు: ఉన్న లైట్లు లెక్కపెట్టండి

ఒక కాగితం మీద ఆరు గడులు గీయండి: చోటు, లైటు రకం, ఒక్కోటి లాగే వాట్లు, ఎన్ని ఉన్నాయి, రోజుకు ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని రోజులు. దాన్ని చేత్తో పట్టుకుని స్థలమంతా మూడుసార్లు తిరగండి. పని జోరు మీద ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినప్పుడు ఒకసారి, మూసేసి వెళ్లిపోయాక ఒకసారి. మూడోదే అసలైన తిరుగుడు. తాళం వేశాక కూడా లిఫ్టు ముందు, బాత్రూముల్లో, మెట్ల మలుపులో ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో అప్పుడే బయటపడుతుంది.

వాట్లు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ట్యూబు మీద 36 అని ఉంటే 36 రాయకండి. రాగి తీగ చుట్టిన పాత చోక్ తన వంతుగా 8, 9 వాట్లు వేడి కింద తినేస్తుంది, కాబట్టి 45 అని రాయాలి. ఇంకా పాత, లావుపాటి 40 వాట్ల ట్యూబైతే మొత్తం 50 దాకా వెళ్తుంది. 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపం బాలాస్ట్‌తో, అంటే దాని చోక్‌తో కలిపి దాదాపు 450 లాగుతుంది. ఎలక్ట్రానిక్ చోక్ అయితే ఈ నష్టం బాగా తక్కువ. మీ దగ్గర ఏ చోక్ ఉందో తెలియకపోతే స్విచ్ వేసి చూడండి. రెండు మూడుసార్లు మిణుకుమిణుకుమని అప్పుడు వెలిగి, లోపల సన్నగా జుమ్మని శబ్దం వస్తుంటే అది రాగి చోకే అనుకోవచ్చు.

గంటల దగ్గర అందరూ పొరబడతారు. సిబ్బందిని అడిగితే "పని వేళల్లోనే వేస్తాం" అంటారు. ఊడ్చేవాళ్లు ఎన్నింటికొచ్చి మొదటి స్విచ్ వేస్తారు, చివరగా వెళ్లేవాళ్లు ఎన్నింటికి ఆర్పుతారు అని అడగండి. రోజుకు రెండు గంటలు తేడా వస్తుంది.

పనిలో పనిగా స్విచ్ బోర్డు ముందు కూడా ఒక్క నిమిషం నిలబడండి. ఒకే బోర్డు మీద పన్నెండు స్విచ్‌లుంటాయి, దేనిమీదా పేరుండదు. పొద్దున్నే వచ్చిన మనిషి ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో తాళాలతో, అరచేతి అంచుతో వరసంతా ఒక్క ఊపులో నొక్కేస్తాడు. తనకు కావలసింది రెండు లైట్లు, వెలిగింది హాలంతా. అందులో అతని తప్పేమీ లేదు, ఏది దేనిదో ఆ బోర్డు చెప్పడం లేదు.

కాగితం నిండాక ఎలా ఉంటుందో ఒక ఊహా ఆఫీసుతో చూద్దాం. అన్నీ రాగి చోక్ ఉన్న 36 వాట్ల ట్యూబులే అనుకోండి. పని హాల్లో 60 ట్యూబులు, రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు. అంటే 2.7 కిలోవాట్లు, 3,000 గంటలు, 8,100 యూనిట్లు. నడవాలో, మెట్ల దగ్గర 12 ట్యూబులు ఎప్పుడూ ఆర్పరు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి 4,730 యూనిట్లు. స్టోరులో 20 ట్యూబులు, పనివేళలంతా వెలిగే ఉంటాయి: 2,700 యూనిట్లు. బయట 400 వాట్ల దీపాలు రెండు, రాత్రికి 12 గంటలు, ఏడాది పొడుగునా: 3,942 యూనిట్లు. అంతా కలిపితే 19,472.

ఇప్పుడు మళ్లీ ఒకసారి చూడండి. హాల్లో 60 ట్యూబులు తినేదాంట్లో సగానికి పైగా మెట్ల దగ్గరి 12 ట్యూబులే తింటున్నాయి. కాగితం మీద పెట్టకపోతే ఇది ఎవరికీ తట్టదు. అందరి కళ్లూ హాలు మీదే ఉంటాయి.

రెండో అడుగు: పైసా ఖర్చు లేకుండా తగ్గేది ముందు తగ్గించండి

స్విచ్‌లకు పేర్లు రాయండి. ఒక రంగు టేపు ముక్క, ఒక మార్కరు పెన్ను చాలు. పొద్దున్నే వేయాల్సినవాటికి ఒక రంగు, అవసరమైతేనే వేయాల్సినవాటికి ఇంకో రంగు, ఎప్పుడూ ఆర్పకూడనివాటికి మూడో రంగు.

మన ఊహా ఆఫీసు స్టోరుకు రోజుకు ఒక గంటకు మించి ఎవరూ వెళ్లరనుకుందాం. బయటికొస్తూ స్విచ్ ఆర్పితే 2,700 యూనిట్లు 270కి దిగుతాయి. ఇందుకు కొనాల్సిందేమీ లేదు.

ఇక్కడ ఒక పాత నమ్మకం అడ్డొస్తుంది: "ట్యూబులైటు ఆర్పి వేస్తే ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, అలా వెలగనియ్యడమే మేలు." వెలిగే క్షణంలో కాస్త ఎక్కువ లాగే మాట నిజమే, అయితే అది కొన్ని సెకన్లపాటు వెలిగినదానితో సమానం. మాటిమాటికీ ఆర్పి వేస్తే ఫ్లోరసెంట్ ట్యూబు ఆయుష్షు కొంత తగ్గుతుంది, అదీ నిజమే. పది నిమిషాలకు పైగా గది ఖాళీగా ఉంటుందనుకుంటే ఆర్పేయడమే లాభం. ఎల్‌ఈడీకి ఈ ఆయుష్షు గొడవ కూడా లేదు.

కిటికీల పక్క వరస లైట్లు పగలు ఆర్పి చూడండి, చాలాచోట్ల తేడా కూడా తెలియదు. చిక్కల్లా కిటికీ వరసకూ లోపలి వరసకూ ఒకే స్విచ్ ఉండటమే. వైరింగ్ మార్చే పని ఎప్పుడొచ్చినా లైట్లను కిటికీ గోడకు సమాంతరంగా, వరసకో స్విచ్ చొప్పున విడదీయమని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పి ఉంచండి.

ఇక దుమ్ము. ఫిట్టింగ్ మీద, మూత మీద పేరుకున్న దుమ్ము, పొగ, నూనె జిడ్డు వెలుతురులో కొంత మింగేస్తాయి. వర్క్‌షాపుల్లో, వంటగదుల్లో ఇది మరీ ఎక్కువ. వెలుతురు చాలడం లేదని కొత్త లైటు బిగించే ముందు ఉన్నదాన్ని విప్పి తుడిపించండి. ముదురు రంగు గోడ ఉంటే తెల్ల సున్నం వేయించినా పనికొస్తుంది. తెల్లటి సీలింగ్ తన మీద పడ్డ వెలుతురులో 70, 80 శాతం వెనక్కి పంపుతుంది, ముదురు రంగులు చాలావరకు మింగేస్తాయి.

మూడో అడుగు: ఎక్కడ ఎంత వెలుతురు కావాలో కొలవండి

వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. లైటు ఇచ్చే వెలుతురుకు కొలత లుమెన్, చదరపు మీటరు మీద ఒక లుమెన్ పడితే ఒక లక్స్. చిన్న లక్స్ మీటరు కొనొచ్చు, లేదా ఎలక్ట్రీషియన్ దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు. ఫోన్ యాప్‌లు కచ్చితంగా చూపించవు, ఒక గదిని ఇంకో గదితో పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తాయి. నేల మీద కాకుండా పని జరిగే ఎత్తులో, బల్ల మీదో కౌంటరు మీదో పెట్టి కొలవాలి. పగటి వెలుతురు కలవకుండా చీకటి పడ్డాక కొలిస్తే మంచిది.

ఎంత ఉండాలనేదానికి యూరప్ ప్రమాణం ఈఎన్ 12464-1 అంకెలు చాలామంది వాడతారు. చదవడం, రాయడం, కంప్యూటరు పనికి 500 లక్స్. రిసెప్షన్‌కు 300. దుకాణంలో అమ్మకాల చోట 300, బిల్లింగ్ కౌంటరు దగ్గర 500. నడవాలకు, మెట్లకు, సామాను గదులకు 100. సాంకేతిక డ్రాయింగ్ పనికి 750. మీరున్న చోట కార్మిక చట్టమో భవన నిబంధనో వేరే అంకె చెబితే దాన్నే పాటించాలి.

కొలిచి చూస్తే తరచుగా కనబడే విచిత్రం ఏమిటంటే, నడవాలో 300 లక్స్ ఉంటుంది, పని బల్ల మీద 250 ఉంటుంది. లైట్లు సీలింగ్‌కు సమాన దూరాల్లో బిగించి ఉంటాయి, కింద బల్లలు మాత్రం ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు జరుపుకుని ఉంటారు. అలాంటిచోట హాలంతటికీ వెలుతురు పెంచకండి. సన్నపని చేసే బల్ల మీదికి 7, 8 వాట్ల టేబుల్ ల్యాంపు ఇచ్చి, పైనున్న వెలుతురు తగ్గించండి. కుట్టుమిషను, గడియారాల రిపేరు, సర్క్యూట్ బోర్డుల పని చేసేవాళ్లకు ఇలాగే హాయిగా ఉంటుంది. వాళ్ల చేతి కిందికి వచ్చిన వెలుతురు, తలకాయ నీడ పడే పై లైటు ఎన్ని వాట్లదైనా ఇవ్వలేదు.

నడవాలో మూడు ట్యూబులకు ఒకటి తీసేసినా 100 లక్స్ దాటి ఉంటే ధైర్యంగా తీసేయండి. రాగి చోక్ ఫిట్టింగ్‌లో ట్యూబు తీస్తే సర్క్యూట్ తెగిపోతుంది, ఇక కరెంటు లాగదు. ఎలక్ట్రానిక్ చోక్ అయితే ట్యూబు లేకపోయినా కొద్దిగా లాగొచ్చు, దాని వైరు కూడా విప్పించాలి.

నాలుగో అడుగు: డబ్బా మీద ఏం చదవాలి

ఎల్‌ఈడీ వెనక చిన్న కథ ఉంది. కంటికి కనబడే ఎర్ర కాంతినిచ్చే ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. తెల్ల వెలుతురు కావాలంటే నీలం కాంతి కావాలి, అది పట్టుబడటానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. అది సాధించినందుకే ఇసాము అకసకి, హిరోషి అమనో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈరోజు మనం కొనే తెల్ల ఎల్‌ఈడీల్లో ఎక్కువభాగం నీలం చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూత ఉన్నవే. ఆ పూత నాణ్యత, చిప్‌ను నడిపే డ్రైవర్ నాణ్యత, వేడిని బయటికి తోసే అల్యూమినియం ఎంత ఉంది అన్నదాన్ని బట్టే మంచి లైటుకూ నాసిరకానికీ తేడా.

వాట్లు చూసి కొనకండి, లుమెన్లు చూడండి. వాట్ అంటే లాగే కరెంటు, లుమెన్ అంటే ఇచ్చే వెలుతురు. ఫిలమెంట్ బల్బు వాట్‌కు 10 నుంచి 15 లుమెన్లు ఇస్తుంది, సీఎఫ్ఎల్ 50, 60 దగ్గర ఉంటుంది, మంచి ఎల్‌ఈడీ 100 దాటుతుంది, 150 ఇచ్చేవీ దొరుకుతాయి. ఇక్కడ ఒక అనుమానం రావాలి. 36 వాట్ల ట్యూబు 3,000 లుమెన్లకు పైగా ఇస్తుంది, దాని బదులు పెట్టే 18 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు 2,000 దగ్గరే ఇస్తుంది, మరి సరిపోతుందా? చాలాచోట్ల సరిపోతుంది. పాత ట్యూబు చుట్టూరా వెలుగుతుంది, అందులో సగం పైకి పోయి రిఫ్లెక్టర్ తిప్పి పంపితేగాని కిందికి రాదు. ఎల్‌ఈడీ కిందికే చూస్తుంది. అయితే ఎత్తైన సీలింగ్ ఉన్నచోట, గోడల మీద కూడా వెలుతురు కావలసిన దుకాణంలో ఇదే గుణం ఎదురుతిరుగుతుంది. నేల తళతళలాడుతుంది, పై అరలు చీకట్లో ఉంటాయి.

రంగు సూచీ, అంటే సీఆర్ఐ, మామూలు ఆఫీసుకు 80 చాలు. బట్టలు, రంగులు, అచ్చుపని, మాంసం, పండ్లు అమ్మే చోట 90 అడగండి. ఎరుపును ఎంత బాగా చూపిస్తుందో చెప్పే ఆర్9 అంకె కూడా అడగండి. సీఆర్ఐ 80 ఉన్నా ఆర్9 సున్నా దగ్గర ఉండే లైట్లుంటాయి, వాటి కింద ఎర్రచీర వెలిసిపోయినట్టు కనబడుతుంది. అక్కడ కరెంటులో మిగిలింది అమ్మకాల్లో పోతుంది.

కెల్విన్లు వెలుతురు ఛాయను చెబుతాయి. 2,700, 3,000 అంటే పసుపు, 4,000 తటస్థం, 6,500 నీలపు తెలుపు. 6,500 లైటు వేస్తే ఎక్కువ వెలుతురు ఉన్నట్టు అనిపిస్తుందని అందరూ అదే కొంటారు. రోజంతా కూర్చుని పనిచేసేచోట నా ఓటు మాత్రం 4,000కే. ఏది కొన్నా ఒక గదిలో రెండు ఛాయలు కలపకండి. మాడిపోయిన లైటు స్థానంలో దొరికినదేదో పెడుతూ పోతే రెండేళ్లకు సీలింగ్ అతుకుల దుప్పటిలా తయారవుతుంది.

ఆయుష్షు దగ్గర "50,000 గంటలు" అని ఉంటే పక్కన ఎల్70 అని ఉందేమో చూడండి. అన్ని గంటల తర్వాత మొదటి వెలుతురులో 70 శాతం మిగులుతుందని దానర్థం. రోజుకు 10 గంటలు, 300 రోజులు వాడితే 50,000 గంటలంటే 16 ఏళ్లు దాటుతుంది. కానీ చాలాసార్లు చిప్ కంటే ముందు డ్రైవర్ పోతుంది, వేడికి దాంట్లోని కెపాసిటర్లు ఎండిపోతాయి. అందుకే గాలాడని మూసిన డబ్బాలో, ఎండకు మండే రేకు పైకప్పు కింద పెట్టే లైటుకు ఎంత వేడిలో పనిచేస్తుందో పత్రంలో చూడాలి. డ్రైవర్‌ను విడిగా మార్చుకునే వీలున్న ఫిట్టింగే తీసుకోవాలి. వారంటీలో డ్రైవర్ కూడా ఉందా అని నోటితో అడిగి ఊరుకోవద్దు, బిల్లు మీద రాయించుకోండి.

లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు ఎంతో చెప్పేది పవర్ ఫ్యాక్టర్, అది 0.9 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. చవక డ్రైవర్లు 0.5 దగ్గర ఉంటాయి. కొన్ని టారిఫ్‌లలో వ్యాపార బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే పనికొచ్చినదాని మీద కాకుండా లాగిన మొత్తం మీద వేస్తారు, పవర్ ఫ్యాక్టర్ తక్కువైతే అక్కడ నేరుగా జేబుకు తగులుతుంది.

ఇంకొకటి మిణుకు. లైటు కింద ఫోన్ కెమెరా తెరిచి చూస్తే నల్లటి పట్టీలు పాకుతున్నట్టు కనబడితే ఆ లైటు వద్దు. కంటికి తెలియకపోయినా తలనొప్పులు వచ్చేవాళ్లుంటారు. తిరిగే యంత్రాలున్నచోటైతే ఇది ప్రమాదం కూడా: మిణుకు లయ యంత్రం వేగంతో కలిస్తే తిరుగుతున్న చక్రం ఆగినట్టు కనబడుతుంది.

ఐదో అడుగు: ట్యూబు మార్చాలా, ఫిట్టింగే మార్చాలా

ట్యూబును పట్టి ఉంచే పాత పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబు పెట్టడం చవక. ఇందులో రకాలున్నాయి. చోక్ అలాగే ఉంచి, స్టార్టర్ స్థానంలో వాళ్లిచ్చే డమ్మీ స్టార్టర్ పెట్టేది ఒకటి. చోక్ తీసేసి కరెంటు నేరుగా ఇచ్చేది ఇంకొకటి. బయట విడిగా డ్రైవర్ పెట్టేది మూడోది. మొదటిది నిమిషాల పని, కానీ పాత చోక్ ఎప్పటికైనా పోతుంది, అప్పుడు మళ్లీ నిచ్చెన ఎక్కాలి. నన్నడిగితే చోక్ తీయించడమే మంచిది. కెపాసిటర్ ఉంటే అదీ తీయించండి.

నేరుగా కరెంటిచ్చే ట్యూబుల్లో మళ్లీ రెండు తీర్లు. కొన్నిటికి ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే కొసన ఇవ్వాలి, కొన్నిటికి ఒక కొసన ఫేజు, రెండో కొసన న్యూట్రల్. ఒక ఆఫీసులో రెండు రకాలూ కలిసిపోయి ఉండగా, వైరింగ్ మార్చిన పట్టీలో ఎవరో తెలియక పాత ఫ్లోరసెంట్ ట్యూబు తొడిగారు. ఠప్‌మని శబ్దం, కొసన నల్లటి మసి, ఆ వరసంతా చీకటి. మనిషికేమీ కాలేదు. రెండు కొసల రకంలో ఇంకో ప్రమాదం ఉంది: ఒక కొస తొడిగి రెండోది చేత్తో పట్టుకుని ఉన్నప్పుడు ఆ పిన్నుల్లోకి కరెంటు రావొచ్చు. కాబట్టి మెయిన్ ఆపి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. వైరింగ్ మార్చిన ప్రతి పట్టీ లోపల "ఎల్‌ఈడీ మాత్రమే, ఫేజు ఈ కొసన" అని స్టిక్కరు అతికించాలి.

పట్టీ తుప్పు పట్టినా, హోల్డర్లు వదులైనా, మూత పసుపెక్కి వెలుతురును ఆపుతున్నా ట్యూబుతో ఊరుకోకుండా ఫిట్టింగ్ మొత్తం మార్చేయండి. తడి, దుమ్ము తగిలేచోట అవి లోపలికి పోకుండా మూసి ఉండే ఐపీ65 రకం పెట్టండి. ఆరుబయట పెట్టేవాటికి సర్జ్ ప్రొటెక్షన్, అంటే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు కాపాడే ఏర్పాటు కూడా ఉండాలి, లేకపోతే ఒక్క ఉరుముల రాత్రికే మీ లెక్కంతా తారుమారు.

ఫ్లోరసెంట్లనే ఇంకొన్నాళ్లు నడుపుదాం అనుకునేవాళ్లకు ఒక మాట. వాటిలో పాదరసం ఉంటుంది. పాదరసం మీద కుదిరిన మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. 2023లో జెనీవాలో జరిగిన సమావేశంలో సభ్యదేశాలు ఫ్లోరసెంట్ దీపాల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 నాటికి ఆపేయాలని ఒప్పుకున్నాయి. విడి ట్యూబులు దొరకడం కష్టమయ్యే రోజు దగ్గర్లోనే ఉంది.

ఆరో అడుగు: సెన్సర్లు, టైమర్లు

కదిలే ఒంటి వేడిని పసిగట్టే పీఐఆర్ సెన్సర్‌కు మనిషి నేరుగా కనబడాలి. అద్దం, అట్ట గోడ, బాత్రూము తలుపు అడ్డొస్తే దానికి మనిషి లేనట్టే. లోపల కూర్చున్న మనిషి చీకట్లో చేతులూపుకోవాల్సిన గతి పట్టేది ఇందువల్లే. ఒక్కసారి అలా జరిగితే ఆ వారంలోనే ఎవరో సెన్సర్‌కు టేపు అంటించేస్తారు. మైక్రోవేవ్ సెన్సర్ పలుచటి గోడల్ని కూడా దాటి చూస్తుంది. బాత్రూములకు అది బాగుంటుంది గానీ, నడవా పక్క గదిలో పెడితే బయట ఎవరు నడిచినా లోపల లైటు వెలుగుతుంది. ఆరిపోయే వ్యవధి మొదట 15 నిమిషాలు పెట్టి, ఫిర్యాదులు రాకపోతే మెల్లగా తగ్గించండి.

మెట్ల దగ్గర పూర్తిగా ఆర్పేవి వద్దు. ఎవరూ లేనప్పుడు 20 శాతానికి దిగి, మనిషి రాగానే పూర్తిగా వెలిగే రకం పెట్టండి. అత్యవసర దారి లైట్లను, నిష్క్రమణ గుర్తులను ఏ సెన్సర్‌కూ, టైమర్‌కూ కలపకూడదు.

బయటి లైట్లకు వెలుతురు సెన్సర్ పెడితే ఏడాదికి రెండుసార్లైనా తుడవాలి. దాని కన్ను దుమ్ము పట్టిందంటే పట్టపగలు కూడా రాత్రే అనుకుని లైట్లు వేసేస్తుంది. ఊరి అక్షాంశ రేఖాంశాలను బట్టి రోజూ సూర్యాస్తమయాన్ని తనే లెక్కగట్టుకునే టైమర్ దొరుకుతుంది, నాకు అదే నయం అనిపిస్తుంది.

డిమ్మర్ పెట్టాలనుకుంటే లైటు మీద "డిమ్మబుల్" అని ఉండాలి. ఫిలమెంట్ బల్బుల కాలం నాటి డిమ్మర్‌కు ఎల్‌ఈడీ తగిలిస్తే లోడు చాలక మిణుకుతుంది.

అమ్మేవాళ్లు చెప్పే శాతాలను మాత్రం కలిపేయకండి. ఎల్‌ఈడీతో 60 శాతం, సెన్సర్‌తో 50 శాతం, మొత్తం 110 శాతం ఆదా అంటే కరెంటు కంపెనీయే మనకు ఎదురు డబ్బులివ్వాలి! ఎల్‌ఈడీ తర్వాత మిగిలేది 40 శాతం, సెన్సర్ అందులో సగం తగ్గిస్తుంది. మొత్తం 80 శాతం. ఇంకో సంగతి, సెన్సర్ ధర ఒకటే, అది ఎన్ని వాట్లను అదుపు చేస్తుందో దాన్నిబట్టే లాభం. ఒక్క 18 వాట్ల ట్యూబుకు ఒక సెన్సర్ పెట్టడం దండగ, ఆరు ట్యూబులకు ఒకటి పెడితే లెక్క కుదురుతుంది.

ఏడో అడుగు: ఏది ముందు మార్చాలి

ఇప్పుడు ధరలు కనుక్కోండి. కొత్త ట్యూబు ధర, బిగింపు కూలి కలిపి దాన్ని మీ యూనిట్ రేటుతో భాగించండి. ఉదాహరణకు 70 వచ్చిందనుకుందాం. అంటే ఒక్కో ట్యూబు 70 యూనిట్ల కరెంటుతో సమానం. 45 వాట్ల పాతదాని చోట 18 వాట్లది పెడితే ఒక్కోదానికి 27 వాట్లు తగ్గుతాయి.

మెట్ల దగ్గర 8,760 గంటలు వెలిగేదానికి ఏడాదికి 236 యూనిట్లు మిగులుతాయి, పెట్టిన డబ్బు మూడున్నర నెలల్లో వచ్చేస్తుంది. హాల్లో 3,000 గంటలు వెలిగేదానికి 81 యూనిట్లు, పది నెలలు దాటి పడుతుంది. స్విచ్ ఆర్పడం అలవాటయ్యాక స్టోరులో 300 గంటలు వెలిగేదానికి 8 యూనిట్లు, ఎనిమిదేళ్లు దాటుతుంది. అదే ట్యూబు, అదే ధర. కాబట్టి స్టోరులో పాత ట్యూబులు మాడేదాకా ఉండనివ్వండి.

ఈ వరసలో మన ఊహా ఆఫీసు ఎక్కడికి చేరుతుందంటే: హాలు 3,240, సెన్సర్ పెట్టి సగానికి దించిన మెట్లు, నడవా 946, స్టోరు 270, బయట 400 వాట్లవాటి చోట 150 వాట్ల ఎల్‌ఈడీలు రెండు పెట్టాక 1,314. మొత్తం 5,770 యూనిట్లు. మొదటి 19,472తో పోలిస్తే 70 శాతం తగ్గింది.

హాల్లో ఏసీ ఉంటే ఇంకొంచెం కలిసొస్తుంది. లైటు లాగిన కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది, దాన్ని ఏసీయే బయటికి తోయాలి. మామూలు ఏసీకి మూడు యూనిట్ల వేడిని తోయడానికి దాదాపు ఒక యూనిట్ పడుతుంది. గదిని వేడి చేసుకోవాల్సిన చలి ప్రదేశాల్లో ఇది తిరగబడుతుంది, లైట్లు ఇవ్వని వేడిని హీటరు ఇవ్వాలి.

బిల్లులో మాక్సిమమ్ డిమాండ్ మీద, అంటే ఆ నెలలో ఎప్పుడైనా లాగిన అత్యధిక లోడు మీద విడిగా చార్జీ ఉందేమో కూడా చూడండి. లోడు తగ్గాక, ఒప్పందపు లోడు తగ్గించమని మీరు అర్జీ పెట్టుకుంటేగాని ఆ చార్జీ దానంతటది తగ్గకపోవచ్చు.

ఎనిమిదో అడుగు: ఒక గదిలో పెట్టి చూసి, అప్పుడు అంతా

రెండు మూడు రకాల నమూనాలు తెప్పించి ఒక్క గదిలో బిగించి, రెండు వారాలు అక్కడ కూర్చునేవాళ్లను అడగండి. స్క్రీన్ మీద మెరుపు పడుతోందా, కళ్లు లాగుతున్నాయా అని. చీకటి పడ్డాక లక్స్ మళ్లీ కొలవండి. ఈ రెండు వారాల ఓపిక లేకనే వందల లైట్లు కొని, తర్వాత వాటికి ట్రేసింగ్ పేపరు అంటించుకున్నవాళ్లున్నారు.

అన్నీ బిగించాక ఒక వింత ఎదురుకావొచ్చు. లోడు సగానికి తగ్గినా, పొద్దున్న లైట్లన్నీ ఒకేసారి వేయగానే ఎంసీబీ, అంటే కరెంటు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్, పడిపోతుంది. నేను చూసినచోట ఎలక్ట్రీషియన్ షార్టు ఎక్కడుందా అని ఒక పూటంతా వెతికాడు. షార్టేమీ లేదు. స్విచ్ వేసిన క్షణంలో ప్రతి డ్రైవర్‌లోని కెపాసిటరూ ఒక్క గుక్కలో కరెంటు లాగుతుంది, అది కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయే పనే గానీ, అన్నీ కలిస్తే ఎంసీబీ తట్టుకోదు. ఒక్కో ఎంసీబీకి ఎన్ని లైట్లు పెట్టొచ్చో డ్రైవర్ పత్రంలో ఉంటుంది. బి రకం బదులు, ఆ మొదటి గుక్కను తట్టుకునే సి రకం ఎంసీబీ పెట్టడమో, లైట్లను రెండు సర్క్యూట్లుగా విడదీయడమో చేస్తే సరిపోతుంది.

తీసేసిన ట్యూబులు, సీఎఫ్ఎల్‌లు పగలగొట్టకుండా, కొత్తవాటి అట్టపెట్టెల్లోనే నిలువుగా పేర్చి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించండి. ఒకటి పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్లండి. వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టొద్దు, అట్టముక్కతో ఎత్తి, తడి కాగితంతో తుడవండి.

ప్రతి ఫిట్టింగ్ మీద బిగించిన తేదీని మార్కరుతో రాయించండి, వారంటీ అడగడానికి అదే ఆధారం. అదే బ్యాచ్‌వి నాలుగైదు విడిగా కొని పెట్టుకుంటే ఛాయల తేడా రాదు. మీటరు రీడింగును ప్రతినెలా ఒకే తేదీన రాసుకుంటూ, పోయినేడు అదే నెలతో పోల్చండి. ఏసీల వాడకం రుతువును బట్టి మారుతుంది కాబట్టి పక్క నెలతో పోలిస్తే ఏమీ తెలియదు. ఆరు నెలలయ్యాక మూసే వేళకు మళ్లీ ఒకసారి స్థలమంతా తిరగండి. సెన్సర్ల మీద టేపు ముక్కలు ఎక్కడెక్కడ అంటించి ఉన్నాయో అప్పుడు కనబడుతుంది.